మామూలు గువ్వేనా?

కనుమ మర్నాడు పొద్దున ఆరున్నరకి, తార్నాకలో మా వీధి చివరి వేపచెట్టుకి ఒక గువ్వ తలకిందులుగా వేలాడుతూ కనిపించింది. ఎడమ రెక్కకి గాలిపటం మాంజా చుట్టుకుంది. రాత్రంతా కొట్టుకుని అలిసిపోయినట్టుంది, కదలిక లేదు. చచ్చిపోయిందనే అనుకున్నాను. అంతలో కన్ను మూసి తెరిచింది.

ఎదురింటి వాచ్‌మన్ నిచ్చెన తెచ్చి, కొమ్మ వంచి, దారం కోసి, పిట్టని నా కొంగులో పెట్టాడు. పక్షుల్ని కాపాడే ఒక బృందానికి ఫోన్ చేశాను. ఎత్తిన కుర్రాడి గొంతు నిద్రలేక బొంగురుపోయి ఉంది.

"ఏం పక్షి మేడమ్?"

"గువ్వ."

"మామూలు గువ్వేనా?"

అతని మీద నాకు కోపం లేదు. పండగ మూడు రోజులూ ఊరంతా ఇదే వరస. వాళ్ళకున్నది ఒకే బండి. అప్పటికే ఒక గుడ్లగూబ, రెండు కొంగలు వాళ్ళ దగ్గర చికిత్సలో ఉన్నాయట. ఎటు ముందు పరుగెత్తాలో తేల్చుకోవడానికి అతను ఏదో ఒకటి అడగాలి, అది అడిగాడు. కానీ నేను జవాబు చెప్పలేకపోయాను. అది మామూలుదో కాదో నాకు నిజంగానే తెలియలేదు. "కనుక్కుని చెబుతాను బాబూ" అని పెట్టేశాను.

మా మేడ మీది గదిలో ఉస్మానియాలో జువాలజీ పరిశోధన చేసే అమ్మాయి ఉంటుంది. ఖమ్మం వైపు పిల్ల. ప్రతి ఆదివారం తెల్లవారుజామున మెడలో బైనాక్యులర్స్ వేసుకుని క్యాంపస్‌లో పిట్టల్ని లెక్కపెట్టడానికి వెళుతుంది. తలుపు కొడితే నిద్ర కళ్ళతో వచ్చి కొంగులోకి చూసింది. చూడగానే నిద్ర వదిలింది.

"జర ఆగండి ఆంటీ. ఇది ఆడ ఎర్ర గువ్వ కావచ్చు!"

ఇక్కడ గువ్వల సంగతి కొంత చెప్పాలి. తార్నాకలో కరెంటు తీగల మీద, ఏసీ డబ్బాల వెనక, బాల్కనీలో పూలకుండీల నడుమ కనిపించేది ఎక్కువగా చిన్న గువ్వ. గొంతు మీద నల్ల చుక్కల పట్టీ, మెల్లగా నవ్వుతున్నట్టుండే కూత. క్యాంపస్ లోపలికి వెళితే, కానుగ చెట్ల నీడలో మెడ వెనక నల్లటి గళ్ళగుడ్డ కప్పుకున్నట్టుండే చుక్కల గువ్వ నేల మీద గింజలు ఏరుకుంటూ ఉంటుంది. ఇంకా బయలు ప్రదేశాల్లో, తుమ్మచెట్ల మీద మూడోది. లేత బూడిదరంగు ఒళ్ళు, మెడ వెనక సగం వరకే వచ్చే నల్లని పట్టీ. దీన్ని పట్టీ గువ్వ అందాం. "కు-కూ-కుక్" అని మూడు ముక్కలుగా, నడిమి ముక్క సాగదీసి, విసుగు లేకుండా గంటసేపు కూస్తుంది.

నాలుగోది ఎర్ర గువ్వ. ఇది పట్టీ గువ్వకి దగ్గరి చుట్టం. అదే నల్ల పట్టీ, అదే పోలిక, కానీ చిన్నది. పట్టీ గువ్వ ముప్పై రెండు సెంటీమీటర్ల దాకా ఉంటే ఇది ఇరవై మూడు దాటదు. మగపిట్టది ఇటుకరాయి రంగు ఒళ్ళు, బూడిద తల. ఆడపిట్ట మాత్రం మట్టిరంగులో, పట్టీ గువ్వని కుదించి చేసినట్టు ఉంటుంది. మన వైపు గువ్వల్లో ఆడ మగ తేడా ఇంత స్పష్టంగా కనిపించేది ఈ ఒక్క దాంట్లోనే. కూత కూడా వేరు, గొంతులో గింజ అడ్డుపడ్డట్టు గబగబా గుర్రుగుర్రుమంటుంది. దాని శాస్త్రనామంలో మన పక్క తమిళ తీరంలోని తరంగంబాడి పేరుంది. ఒకప్పుడు అక్కడ డేన్మార్క్ వాళ్ళ కోట ఉండేది, ఆ ఊరిని వాళ్ళు పలికిన తీరే పిట్ట పేరులో నిలిచింది. ప్రపంచం మొత్తం మీద చూస్తే ఎర్ర గువ్వకి ఆపద ఏమీ లేదు. కానీ మా క్యాంపస్‌లో అరుదు. ఇరవై ఏళ్ళుగా పొద్దునపూట ఆర్ట్స్ కాలేజీ ముందు నడిచే నేను దాన్ని చూసింది మూడుసార్లు. మూడుసార్లూ వానాకాలంలో, రాళ్ళగుట్టల దగ్గర తుమ్మపొదల్లో.

అందుకే ఆ అమ్మాయి కళ్ళు మెరిశాయి. ఫోన్‌లో ఫోటోలు తీసింది. స్కేలు తెచ్చింది. పిట్టని అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టి, తోక కింది ఈకలు వేలితో విడదీసి చూసింది. ఎర్ర గువ్వకైతే అక్కడ తెల్లగా ఉండాలట. బూడిదరంగుగా ఉంది.

"పట్టీ గువ్వ పిల్ల ఆంటీ. ఇంకా పూర్తిగా ఎదగలే. మామూలుదే."

ఆమె ముఖంలో వెలుగు కొంచెం తగ్గింది. అది నేను చూశానని ఆమెకి తెలిసింది. వెంటనే ఏమీ మాట్లాడకుండా కూచుని, గోళ్ళు కత్తిరించే చిన్న కత్తెరతో, కండలోకి దిగిన దారాన్ని ఒక్కో చుట్టూ తెంచడం మొదలుపెట్టింది. నలభై నిమిషాలు పట్టింది.

ఆ నలభై నిమిషాలు పిట్టని పట్టుకుని కూచున్న నాకు మనసు ఇంకోచోట ఉంది. ఒక్క మాటతో ఇది ఎర్ర గువ్వ అయింది, ఇంకో మాటతో పట్టీ గువ్వ అయింది. ఈ రెండు మాటల మధ్య పిట్టలో ఏం మారింది? దాని నొప్పి తగ్గలేదు, గుండె కొట్టుకునే వేగం మారలేదు. మారింది మా చూపు. మరి అరుదు అనేది ఎక్కడుంది? పిట్టలోనా, మాలోనా?

నేను ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి తర్కసంగ్రహం చెప్పాను. పదిహేడో శతాబ్దిలో తెలుగువాడైన అన్నంభట్టు బాలబోధ కోసం రాసిన చిన్న పుస్తకం అది. ఈనాటికీ దేశమంతటా తర్కం నేర్చేవాళ్ళు దానితోనే మొదలుపెడతారు. అందులో లోకాన్ని ఏడు పదార్థాలుగా విడదీస్తాడు. మనకి కావలసినవి రెండు. ఒకటి సామాన్యం, అంటే జాతి. చాలా ఆవుల్లో ఒక్కటిగా ఉండే గోత్వం లాంటిది. అది నిత్యం, దానికి పుట్టుక చావు లేవు. రెండోది గుణం, అందులో ఒకటైన సంఖ్య. సంఖ్య గురించి న్యాయ వైశేషికులు చెప్పేదే నన్ను ఆ పొద్దున ఆపేసింది. ఒకటి అనేది వస్తువులో ఉంటుంది. రెండు, మూడు, నూరు, కోటి మాత్రం చూసేవాడు "ఇదొకటి, ఇదొకటి" అని కూడుకుంటేనే పుడతాయి. ఆ కూడికకి వాళ్ళు పెట్టిన పేరు అపేక్షాబుద్ధి. లెక్కపెట్టే బుద్ధి ఆగిపోతే ఆ రెండు కూడా ఉండదు.

ఆ లెక్కన అరుదు అనేది సంఖ్య. మూడే చూశాను, మూడువందలు చూశాను అనే నా కూడికలో అది పుట్టింది. నా చేతిలో ఉన్న పిట్ట తనకి తాను ఎప్పుడూ ఒకటే. ఎర్ర గువ్వ అయినా దానికి అది ఒకటే, పట్టీ గువ్వ అయినా ఒకటే. మామూలు గువ్వ అన్నది ఏ గువ్వా అనుభవించని సంగతి.

బౌద్ధులు ఇంకా ముందుకి వెళ్ళారు. జాతి అనేదే లేదు, అది మనసు అల్లుకున్నది, ఉన్నది ఈ క్షణంలో ఈ ఒక్కటే అన్నారు. దిఙ్నాగుడు ఆ వాదాన్ని శాస్త్రంగా నిలబెట్టిన కాలానికి కాస్త అటూ ఇటూగా అజంతా 1వ గుహలో చిత్రకారులు శిబి కథ గీశారు. రాజు, గువ్వ, త్రాసు. అజంతా అప్పటి హైదరాబాదు రాజ్యంలోనే ఉండేది. 1939లో తెరిచిన మా ఆర్ట్స్ కాలేజీ స్తంభాల్లో అజంతా, ఎల్లోరా గుహల ఛాయ ఉందంటారు. ఆ మెట్ల మీద కూచున్నప్పుడల్లా నాకు ఆ త్రాసు గుర్తొస్తుంది. జాతి లేదని వాదించినవాళ్ళే, ఒక్క పిట్టకోసం తన ఒంటిని తూచుకున్న రాజుని గోడ మీద నిలిపారు. నాకు ఈ రెండూ ఒకే మాట అనిపిస్తుంది.

మనకి ఆ కథ భారతం నుంచి తెలుసు. డేగ తరుముతుంటే గువ్వ రాజు ఒళ్ళో వాలింది. రాజు శరణిచ్చాడు. డేగ వచ్చి నా ఆహారం నాకివ్వు అంది. గువ్వ ఎత్తు మాంసం ఇస్తానని రాజు తొడ కోసి త్రాసులో వేశాడు. ఎంత వేసినా గువ్వే బరువు తూగింది. చివరికి తానే ఎక్కి కూచున్నాడు. చిన్నప్పుడు ఇది దానగుణం గురించిన కథ అనుకున్నాను. పాఠం చెప్పేటప్పుడు శరణాగతి గురించి అన్నాను. ఇప్పుడు త్రాసు గురించి అనిపిస్తోంది. గువ్వ అంటే ఎంత, మహా అయితే పావుకిలో. తూచడం మొదలుపెట్టాక దాని బరువు ఆగలేదు. ఎందుకంటే ఒక ప్రాణానికి ఎదురుగా వేయదగినది ఇంకో ప్రాణం తప్ప వేరే లేదు. రాజు చేసిన పొరపాటు, గొప్పతనం రెండూ అక్కడే ఉన్నాయి. ముక్కలుగా ఇద్దామనుకున్నాడు, అది ముక్కలుగా ఇచ్చేది కాదు.

ఆ కథలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఇది ఏ గువ్వ? సంస్కృతంలో కపోతం అంటే పావురమూ అవుతుంది, గువ్వా అవుతుంది. కథకుడు రకం చెప్పలేదు, రాజు అడగలేదు. రామాయణంలో విభీషణుడు శరణు కోరినప్పుడు రాముడు సుగ్రీవుడికి గుర్తు చేసే కపోతమూ అంతే. తన ఆడతోడుని పట్టిన వేటగాడే చెట్టు కిందికి వస్తే, అతిథి అని తన మాంసమే పెట్టిన పిట్ట అది. శిబి కథలో పిట్టకోసం మనిషి మాంసం ఇచ్చాడు, ఇక్కడ మనిషికోసం పిట్ట ఇచ్చింది. రెండు చోట్లా ఊరూ పేరూ లేని పిట్టే. అదే కపోతాన్ని ఋగ్వేదంలో ఒక సూక్తం మృత్యుదూతగా చూసి, ఇంటికి కీడు తగలకూడదని వేడుకుంటుంది. మా పనిమనిషి కూడా ఆ పొద్దున గుమ్మంలోనే ఆగి, "గువ్వ ఇంట్లోకి రాకూడదంట అమ్మా" అంది. అన్నదే గానీ, అట్టపెట్టె వెతికి, పాతగుడ్డ పరిచి తెచ్చింది కూడా ఆమే.

ఇంతవరకూ నా ఆలోచన శిబి వైపే. కానీ మేడ మీది పిల్లతో ఆ సాయంత్రం మాట్లాడాక దానిలో లోటు కనిపించింది. ఆమె ఒక కథ చెప్పింది, నేను నిజమో కాదో చూసుకున్నాను, నిజమే. అమెరికాలో పాసెంజర్ పిజియన్ అని ఒక పావురం ఉండేది. వందల కోట్లు. గుంపు ఎగురుతుంటే గంటల తరబడి ఆకాశం కనపడేది కాదట. బళ్ళకెత్తి, రైళ్ళలో వేసి, పట్నాలకి మాంసంగా పంపారు. ప్రతి వేటగాడూ చంపింది మామూలు పావురాన్నే. 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో మార్తా అనే ఆడపిట్ట చచ్చిపోయింది. ఆ తరవాత ఆ పిట్ట ఈ భూమి మీద లేదు.

మెక్సికోకి దూరంగా పసిఫిక్ సముద్రంలో సొకోర్రో అని ఒక దీవి. అక్కడ మాత్రమే ఉండే ఒక గువ్వ 1972 తరవాత ఆ దీవిలో కనిపించలేదు. గొర్రెలు అడవిని మేసేశాయి, పిల్లులు పిట్టల్ని తినేశాయి. 1925లో కాలిఫోర్నియాకి తీసుకెళ్ళిన కొన్ని పిట్టల సంతతి మాత్రం బోనుల్లో బతికి ఉంది. ఇప్పుడు ఆ దీవిలో దాని స్థానంలో ఉన్నది దాని దగ్గరి చుట్టమే. ఉత్తర అమెరికా అంతటా పెరళ్ళలో తిరిగే మామూలు గువ్వ.

ఇలాంటిదే మన పట్టీ గువ్వ కథ కూడా. ఇరవయ్యో శతాబ్దిలో అది బాల్కన్ దేశాలు దాటి యూరప్ అంతా పాకి, 1955లో ఇంగ్లండులో గూడు కట్టింది. అదే ఇంగ్లండులో దాని చుట్టమైన టర్టిల్ డవ్, 1970ల నుంచి లెక్కేస్తే నూటికి తొంభై అయిదు పైగా తగ్గిపోయింది. బైబిలు కాలంలో గొర్రెపిల్లని కొనలేని పేదలు ఆలయంలో అర్పించడానికి అనుమతించిన పిట్టల్లో ఈ జాతి గువ్వ ఒకటి. బాలయేసు కోసం మరియ, యోసేపు తెచ్చిన అర్పణ కూడా జత గువ్వలో, రెండు పావురపు పిల్లలో అని లూకా సువార్త చెబుతుంది. పేదల చేతికి అందేటంత మామూలు పిట్ట, ఇవాళ అంతర్జాతీయ పట్టికలో ఆపదలో ఉన్న జాతి.

మా గురువుగారు బతికుంటే ఇక్కడ నన్ను ఒక ప్రశ్న అడిగేవారు. జాతి నిత్యం కదమ్మా, మార్తా చచ్చిపోతే ఏం పోయింది? న్యాయశాస్త్రం ప్రకారం ఆ పావురంతనానికి చావు లేదు, ఉండటానికి చోటు మాత్రం లేకుండా పోయింది. పోయినది మార్తా. అంతకుముందు పోయినవి ఒక్కొక్కటిగా ఆ వందల కోట్లు. ఎప్పుడు పోయినా పోయేది వ్యక్తే. జాతికి నొప్పి లేదు, మాంజా జాతి రెక్కకి చుట్టుకోదు. ఇది నాకు గట్టిగా తోచిన సంగతి.

కానీ ఎవరూ లెక్కపెట్టకపోవడం వల్లనే ఆ వందల కోట్లూ పోయాయన్నదీ అంతే నిజం. శిబి ఒక్క గువ్వని కాపాడాడు. ఆ గువ్వ గూడున్న చెట్టు గురించి కథలో మాట లేదు. డేగ మాత్రం కథలోనే అడిగింది. దీన్ని కాపాడి నన్నూ నా పిల్లల్నీ చంపుతావా, ఒక ధర్మాన్ని చెరిపే ధర్మం ధర్మమెలా అవుతుందని. రాజు దానికి తొడ కోసి జవాబిచ్చాడు గానీ, మాటతో ఇవ్వలేకపోయాడని నాకనిపిస్తుంది. అడవి మిగిలి ఉంటే డేగకి ఆహారమూ ఉండేది, గువ్వకి దాక్కునే పొదా ఉండేది, రాజు తొడకీ గాయమయ్యేది కాదు. దానికి ఎవరో ఒకరు కూచుని లెక్కలు రాయాలి. ఈ నేల మీద ఆ పని 1931లో సలీం అలీ చేశారు. నిజాం రాజ్యంలో పక్షుల సర్వే కోసం ఊరూరా తిరిగి రాసుకున్నారు. మా మేడ మీది పిల్ల ఆదివారాల్లో చేసేదీ అదే. వారంవారం ఒక నోటుపుస్తకం. పట్టీ గువ్వ పదకొండు, చుక్కల గువ్వ ఇరవై ఆరు, ఎర్ర గువ్వ సున్నా. ఆ సున్నాలు రాసే చెయ్యి నాకు గౌరవమైనది. క్యాంపస్‌లో తుమ్మపొద కొట్టేసి చదును చేసిన చోట ఎర్ర గువ్వ ఎందుకు రాదో ఆ సున్నాలే చెబుతాయి.

అపేక్షాబుద్ధి అనే మాటని ముప్పై ఏళ్ళు నేను తర్కంలోని అర్థంతోనే చెప్పాను. ఒకటి ఇంకోదాన్ని ఆధారం చేసుకోవడం అని. తెలుగులో అపేక్ష అంటే ప్రేమ. "మీ అత్తయ్యకి నువ్వంటే ఎంతో అపేక్ష" అంటాం. ఈ రెండు అర్థాలు ఒకే మాటలో ఉన్నాయని ఇన్నేళ్ళూ నాకు తట్టలేదు. ఆ అమ్మాయి గోళ్ళ కత్తెరతో దారం తెంచుతుంటే తట్టింది. అరుదు అన్నప్పుడు ఆమెలో వచ్చిన వెలుగు తప్పేమీ కాదు. వెలుగు తగ్గాక కూడా చెయ్యి ఆగలేదు, నేను పట్టుకుని కూచునేది ఆ రెండోదాన్ని.

అందుకని నా తీర్పు ఇది. లెక్క నేల కోసం, పొదల కోసం, రేపు పుట్టే పిట్టల కోసం. ఏ తుమ్మని కొట్టకూడదో, ఏ గుట్టని వదిలేయాలో తేల్చేటప్పుడు ఎర్ర గువ్వకే ముందు పీట వేయాలి. కానీ కొంగులో పడ్డ పిట్టని అరుదా మామూలా అని అడిగే హక్కు మనకి లేదు. ఒకే బండి ఉన్నవాడు అడగక తప్పదు, అది అతని కష్టం. బండ్లు పది ఉండేలా చూడటం ఊరి పని.

మధ్యాహ్నం పశువైద్యుడి దగ్గర మూడు కుట్లు పడ్డాయి. పదకొండు రోజులు అట్టపెట్టెలో జొన్నలు, కొర్రలు తిన్నది. పన్నెండో రోజు పొద్దున ల్యాండ్‌స్కేప్ గార్డెన్ దాటాక, ఒక బండ పక్కన పెట్టె మూత తీశాం. కాసేపు కదలలేదు. తరవాత తక్కువ ఎత్తులో ఎగిరి రేగుపొద మీద వాలింది, అక్కడి నుంచి చింతచెట్టు మీదికి. ఎడమ రెక్క కాస్త వెనకబడింది. ఆ అమ్మాయి నోటుపుస్తకం తీసి, పట్టీ గువ్వ వరసలో ఒకటి కలుపుకుంది.

నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. అయినా ఆ వేపచెట్టు నుంచి మేం విప్పి చుట్టిన దారం పద్నాలుగు మీటర్లుంది. మీ మేడ మీద, మీ వీధి చెట్టు మీద ఇలాంటిది వేలాడుతుంటే పండగ వెళ్ళిన మర్నాడే దోటితో లాగి, ముక్కలుగా కత్తిరించి పారేయండి. చీకటి పడేలోగా చేయండి. గువ్వలు గూటికి చేరేది ఆ వేళకే.